ఉగాది నాటికే తీగలు ఖాళీ: మన పల్లెల్లో వలస పక్షులు ముందే వెళ్ళిపోతున్నాయా?

కొల్లిపర_కాలువగట్టు
మా ఊరి కాలువగట్టు పొడవునా కరెంటు స్తంభాలు ఉన్నాయి. కార్తీకం మొదలుకొని ఆ తీగల మీద వానకోయిలలు బారులు తీరి కూర్చుంటాయి. పొద్దు వాలే వేళకు కిందికి దిగి, నీటికి జానెడు ఎత్తున దూసుకుపోతూ పురుగులను పట్టుకుంటాయి, ఒక్కొక్కటి ఎగురుతూనే ముక్కు ముంచి గుక్కెడు నీళ్ళు తాగి పైకి లేస్తుంది. నిరుడు ఉగాది నాడు గుడికి వెళ్ళి వస్తూ చూసినప్పుడు తీగ మీద సందు లేదు. మొన్న ఉగాది నాడు అదే గట్టు మీద నాలుగైదు తప్ప కనబడలేదు. మినుము చేలల్లో తోక ఆడించుకుంటూ తిరిగే పసుపు జిట్టంగి పిట్టలైతే కొన్నేళ్ళుగా పలచబడుతూనే ఉన్నాయి.

ఎండలు ముందే ముదరడం వల్ల ఇవి తొందరగా బయలుదేరుతున్నాయని నా ఉద్దేశం. మా బజారులో కొందరు సెల్ టవర్ల వల్ల అసలు రావడమే తగ్గిందని అంటున్నారు. గుంటూరు, కృష్ణా జిల్లాల్లో మిగిలిన చోట్ల ఎలా ఉందో తెలిసినవారు చెప్పండి.

మిర్చియార్డు
పక్షులకు కూడా రెంటచింతల ఉష్ణోగ్రత రోజూ వార్తల్లో చెబుతున్నారేమో. వినగానే సామాను సర్దుకుని ఉంటాయి.

లెక్కల_మాస్టారు
కొల్లిపర వారి పరిశీలన నిజమే అయి ఉండవచ్చు. అయితే పోలికకు తీసుకున్న రోజుతోనే చిక్కు వచ్చింది. 2023లో ఉగాది మార్చి 22న వచ్చింది, మధ్యలో అధిక శ్రావణం పడింది కనుక 2024లో అది ఏప్రిల్ 9కి జరిగింది. అంటే మీరు పోల్చినది మార్చి నాలుగో వారాన్నీ ఏప్రిల్ రెండో వారాన్నీ. వానకోయిలలు గుంపులు కట్టి ఉత్తరానికి కదిలే కాలం సరిగ్గా ఈ రెండింటి నడుమ ఉంది. పద్దెనిమిది రోజుల తేడాలో తీగలు ఖాళీ కావడానికి వలస ముందుకు జరగనక్కరలేదు.

మన పండుగలు చంద్రుణ్ణి అనుసరిస్తాయి. వలస పక్షిని ప్రయాణానికి సిద్ధం చేసేది ప్రధానంగా పగటి పొడవు. పగలు పెరిగేకొద్దీ వాటి శరీరంలో మార్పులు మొదలై, ఎక్కువగా తిని కొవ్వు నిల్వ చేసుకుని, అనుకూలమైన గాలి చూసుకుని బయలుదేరతాయి. శివరాత్రికి ఉన్నాయా, శ్రీరామనవమికి ఉన్నాయా అని గుర్తుపెట్టుకోవడం మన అందరికీ అలవాటే గానీ, ఒక ఏటికీ మరో ఏటికీ పోల్చేటప్పుడు ఇంగ్లీషు తేదీ తప్పనిసరి.

గుణదల_మేడమీద
మాస్టారు పంచాంగం పట్టుకుని పక్షులకు ముహూర్తం పెట్టారు!

కొండపల్లి_కెమెరా
తేదీలు సర్దితే ఒక ఊరి వానకోయిలల సంగతి తేలవచ్చు. దానితో మొత్తం సమస్యే లేదన్నట్టు మాట్లాడటం సరికాదు. మైలవరం వైపు చెరువుల్లో సూదితోక బాతులనూ చిన్న బాతులనూ ఏళ్ళుగా ఫోటోలు తీస్తున్నాను, ప్రతి ఫోటోకూ తేదీ ఉంటుంది కనుక ఉగాది ఇబ్బంది నాకు లేదు. ఒకప్పుడు ఒక్క ఫ్రేములో పట్టనన్ని బాతులు ఉండేవి. ఇప్పుడు గుంపు ఎక్కడుందో వెతుక్కోవలసి వస్తోంది. 2023 ఆగస్టులో వచ్చిన దేశవ్యాప్త పక్షుల స్థితి నివేదిక కూడా ఇదే చెప్పింది కదా. దీర్ఘకాలిక ధోరణి తెలిసిన జాతుల్లో 60 శాతం తగ్గాయి.

లెక్కల_మాస్టారు
ఆ నివేదికను పూర్తిగా చదివితే మన చర్చకు మరింత పనికివస్తుంది. అందులో 942 జాతులను పరిశీలించారు. అయితే దీర్ఘకాలిక ధోరణి చెప్పడానికి తగినంత సమాచారం 338 జాతులకే దొరికింది, కెమెరా గారు చెప్పిన 60 శాతం ఆ 338లో లెక్క. సుమారు 30 వేల మంది పక్షి పరిశీలకులు నమోదు చేసిన మూడు కోట్ల పరిశీలనలే దానికి ఆధారం. దూర ప్రాంతాల నుంచి వచ్చే వలస పక్షులు, మాంసాహార పక్షులు, బయలు భూముల పక్షులు ఎక్కువగా దెబ్బతిన్న వర్గాల్లో ఉన్నాయి. కనుక ఆందోళనకు కారణం ఉంది.

అయితే దేశం మొత్తానికి చెప్పిన ధోరణిని మైలవరం చెరువుకు గానీ కొల్లిపర కాలువకు గానీ అలాగే అంటించలేము. చెరువులో నీరు తగ్గితే బాతులు పక్క చెరువుకు పోతాయి. అప్పుడు మీ ఫ్రేము ఖాళీ అవుతుంది గానీ బాతుల సంఖ్య తగ్గినట్టు కాదు.

కైకలూరు_గూడబాతు
మాస్టారి చివరి వాక్యానికి కొల్లేరు వైపు నుంచి సాక్ష్యం చెబుతాను. ఇక్కడ చేపల చెరువుల నీరు తోడేసి పట్టుబడి చేసినప్పుడు అడుగున బురద మిగులుతుంది. నిన్నటిదాకా ఒక్క పక్షి లేని చెరువులో రెండో రోజుకల్లా ఉల్లంకులు, నత్తగుల్ల కొంగలు, తెల్ల కొంగలు దిగిపోతాయి. ఆ బురద ఎండగానే మరో చెరువు వెతుక్కుంటాయి. ఒకే గట్టు మీద నిలబడి చూసేవాడికి ఒక వారం పండుగలాగా, మరుసటి వారం కరువులాగా కనబడుతుంది.

బాతుల విషయానికొస్తే, అవి మార్చి నెలలోనే చాలావరకు ఖాళీ చేస్తాయి. ఏప్రిల్‌లో బాతులు లేవని దిగులుపడటం కోతలయ్యాక చేలో వరి లేదని దిగులుపడినట్టే.

కొండపల్లి_కెమెరా
నేను చెప్పింది జనవరి ఫోటోల గురించి. ఏప్రిల్ సంగతి నాకూ తెలుసు.

కైకలూరు_గూడబాతు
జనవరి అయితే మీ చెరువును ఆసియా నీటిపక్షుల గణనలో చేర్చవచ్చు కదా. మన దేశంలో అది 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతోంది. ఫోటోలో పట్టిన పక్షులకన్నా, చెరువు చుట్టూ తిరిగి అన్నింటినీ లెక్కించిన కాగితానికి విలువ ఎక్కువ.

కొల్లిపర_కాలువగట్టు
వానకోయిలల విషయంలో మాస్టారు చెప్పిన తేదీల తేడా సబబుగానే ఉంది, వచ్చే ఏడు మార్చి 22నా ఏప్రిల్ 9నా రెండుసార్లూ చూస్తాను. జిట్టంగి పిట్టల సంగతి మాత్రం పంచాంగంతో తేలేది కాదు. వాటిని నేను ఏ పండుగతోనూ ముడిపెట్టి చూడలేదు. సంక్రాంతి వెళ్ళిన తరువాత చేనుకు మందు కొట్టడానికో కలుపు తీయడానికో దిగిన ప్రతిసారీ కాళ్ళకు అడ్డం పడేవి. మనిషి నడిచినప్పుడు లేచే పురుగుల కోసం నాలుగడుగుల దూరంలో వెంట వచ్చేవి. ఇప్పుడు చేలో దిగితే నా వెంట దోమలు తప్ప ఏమీ రావడం లేదు.

మినుముచేను
కొల్లిపర గారూ, ఇప్పుడు మీ చేలో వరి తరువాత ఏం వేస్తున్నారు?

కొల్లిపర_కాలువగట్టు
మొక్కజొన్న. మినుముకు పల్లాకు తెగులు పట్టి వరుసగా నష్టం వచ్చింది, అందరూ మారారు, మేమూ మారాము.

మినుముచేను
మీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే ఉందని నా అభిప్రాయం. డెల్టాలో వరి కోతకు కొద్ది రోజుల ముందు తడి నేల మీద మినుము చల్లేవారు. కోత అయ్యేసరికి మొలక పైకి వచ్చి, జనవరి, ఫిబ్రవరి నెలల్లో చేను మోకాలికి కిందగా, పలచగా, పురుగులతో నిండి ఉండేది. నేల మీద నడుస్తూ తినే పక్షికి అంతకన్నా మంచి చోటు దొరకదు. ఇప్పుడు అదే వరి మాగాణిలో దుక్కి దున్నకుండా మొక్కజొన్న పెడుతున్నారు. ఫిబ్రవరి వచ్చేసరికి అది మనిషి ఎత్తు పెరిగి, లోపల గాలి కూడా ఆడనంత దట్టంగా ఉంటుంది. జిట్టంగి పిట్టలు అందులో దిగి నడవలేవు, నాలుగువైపులా చూడలేవు. పైన గద్ద తిరుగుతున్నా వాటికి కనబడదు.

ఈ పిట్టలు మన జిల్లాకు రావడం మానేశాయా, లేక మీ చేలో దిగడం మానేసి ఇంకా మినుమో పెసరో ఉన్న చేలకు పోయాయా అన్నది తేల్చాలి. మా తెనాలి వైపు మినుము మిగిలిన తుంపుల్లో ఈ జనవరిలో కూడా పసుపు జిట్టంగి పిట్టలు బాగానే కనబడ్డాయి. తక్కువ చేలల్లో ఎక్కువ పక్షులు చేరితే, ఆ చేను చూసేవాడికి పెరిగినట్టూ మొక్కజొన్న చూసేవాడికి మాయమైనట్టూ కనబడుతుంది.

మిర్చియార్డు
మొక్కజొన్న ధర పడిపోయిన ఏడు జిట్టంగి పిట్టలు తిరిగి వస్తాయన్నమాట. రైతు ఏడ్చినప్పుడే పిట్ట నవ్వాలా?

మినుముచేను
అలా అని రైతును మినుమే వేయమని చెప్పే హక్కు మనకు లేదు. కారణం ఆకాశంలో కన్నా ముందు నేల మీద వెతకాలనే నేను చెప్పదలచుకున్నది. గట్ల మీద గడ్డిమందు కొట్టి చివరి గడ్డిపరక దాకా మాడ్చకుండా ఉంటే, ఆ గట్టు కూడా వీటికి కొంత ఆసరా అవుతుంది.

తాటిమొద్దు
నేల మీద వెతకమన్నారు కనుక పాలపిట్ట సంగతి చెబుతాను. పైన చెప్పిన 2023 నివేదికలోనే పాలపిట్టకు ఉన్న ముప్పు స్థాయిని మళ్ళీ పరిశీలించాలని సిఫారసు చేశారు. ఇది దేశాలు దాటే పక్షి కాదు గానీ, మన ప్రాంతంలోనే కాలాన్ని బట్టి చోటు మారుతుంది. శీతకాలంలో పంట చేల తీగల మీద అంతటా కనబడి, మార్చి వచ్చేసరికి గూడు దొరికే చోటికి చేరుతుంది.

మా సత్తెనపల్లి వైపు దాని గూడు ఎక్కువగా తల విరిగిన తాటి మొద్దుల్లో ఉంటుంది. పిడుగు పడో ముసలిదై ఎండిపోయో మట్టలు రాలిన మొద్దు పైభాగం లోపల కుళ్ళి గుల్ల అవుతుంది. ఆ గుల్లలో గుడ్లు పెడుతుంది. ఏప్రిల్‌లో మగది నిటారుగా పైకి ఎగిరి, అక్కడి నుంచి అటూ ఇటూ దొర్లుతూ అరుచుకుంటూ కిందికి పడుతుంది. కూర్చున్నప్పుడు మట్టిరంగులో ఉండే పిట్ట ఆ దొర్లుడులో రెక్క విప్పగానే రెండు రకాల నీలాలు మెరుస్తాయి. మా పొలాల దారిలో అటువంటి మొద్దులు వరుసగా ఉండేవి. ప్లాట్లు వేసేటప్పుడు పనికిరాని మొద్దులని మొదట వాటినే తోసేశారు. పచ్చని చెట్టు కొడితే అడిగేవాడు ఒకడైనా ఉంటాడు, ఎండిన మొద్దు కొడితే శుభ్రం చేశారంటారు. ఈ వసంతంలో ఒక్క మొద్దు మిగిలింది, దాని కోసం పాలపిట్టలు, రామచిలుకలు, పగిడిగుడ్లగూబలు కొట్టుకుంటున్నాయి.

గుణదల_మేడమీద
ఎవరు గెలిచారు?

తాటిమొద్దు
ప్రస్తుతానికి చిలుకలు.

మిర్చియార్డు
2018లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి హోదా పాలపిట్ట నుంచి రామచిలుకకు పోయింది. ఇప్పుడు ఇల్లు కూడా పోయింది. పాపం, దసరాకు చూపించుకోవడానికి మాత్రం పాలపిట్టే కావాలి మనకు.

బ్యారేజీ_దిగువన
మీరంతా వెళ్ళిపోయే పక్షుల గురించి మాట్లాడుతున్నారు, ఇదే కాలంలో ఇక్కడ పిల్లలు చేసే పక్షులను కూడా లెక్కలోకి తీసుకోవాలి. ప్రకాశం బ్యారేజీ దిగువన నీరు తగ్గి ఇసుక దిబ్బలు బయటపడే ఫిబ్రవరి నుంచి మే దాకా పసుపు ముక్కు, నల్ల టోపీ ఉన్న రివర్ టెర్న్‌లూ, చిన్న ప్రాటింకోల్‌లూ ఉత్త ఇసుక మీదే గుడ్లు పెడతాయి. గూడంటూ ఏమీ ఉండదు, మడమతో నొక్కినంత గుంట ఉంటుంది. గుడ్డు మీద మచ్చలు ఇసుకలో కలిసిపోతాయి, చూసుకోకుండా అడుగు వేస్తే కాలి కింద పడేదాకా తెలియదు. రివర్ టెర్న్ ప్రపంచ స్థాయిలోనే ముప్పు జాబితాలో ఉన్న పక్షి.

కుక్కలు, ఇసుక ట్రాక్టర్లు, ఎగువ నుంచి హఠాత్తుగా వదిలే నీరు, ఈ మూడూ వాటికి శత్రువులని అందరూ చెబుతారు. నాలుగోది కెమెరా. గుడ్ల ఫోటో కోసం దిబ్బ మీద గంట సేపు కూర్చుంటే తల్లి పక్షి పైన తిరుగుతూ ఉంటుంది, ఏప్రిల్ ఎండలో నీడలేని గుడ్డు ఉడికిపోతుంది. పక్షి గుడ్ల మీద కూర్చోవడం ఇక్కడ వేడి కోసం కాదు, నీడ కోసం. కొన్నిసార్లు పొట్ట ఈకలు నీటిలో తడుపుకుని వచ్చి మరీ గుడ్లను చల్లబరుస్తుంది.

కొండపల్లి_కెమెరా
ఇది నన్ను ఉద్దేశించి రాసినట్టుంది. గూళ్ళ ఫోటోలు నేను తీయను, తీసినవారివి పంచుకోను కూడా. అయితే ఆ దిబ్బల మీద పక్షులు ఉన్నాయని పది మందికి తెలిసింది ఫోటోల వల్లే అన్న సంగతి కూడా మరచిపోకూడదు.

బ్యారేజీ_దిగువన
తెలిసిన పది మందీ దిబ్బ మీదికి వస్తున్నారు, నా బాధ అది. ఒడ్డున నిలబడి బైనాక్యులర్‌తో చూసేవారితో ఎవరికీ పేచీ లేదు.

గుణదల_మేడమీద
చర్చ మధ్యలో అడ్డం వస్తున్నందుకు ఏమనుకోకండి, అత్యవసరం. ఈ తెల్లవారుజామున మా మేడ మీద మొక్కల కుండీల మధ్య ఒక పిట్ట కూర్చుని ఉంది. గోరింకంత ఉంటుంది, తోక దాదాపు లేదు. వీపు ఆకుపచ్చ, కంటి మీదుగా నల్లటి పట్టీ, రెక్క మీద మెరిసే నీలం, తోక కింద కుంకుమ పూసినట్టు ఎరుపు. దగ్గరికి వెళ్ళినా ఎగరడం లేదు. ఎవరైనా పెంచుకుంటున్న పక్షి తప్పించుకుని వచ్చిందా?

తాటిమొద్దు
అది పొన్నంగి పిట్ట. ఎవరి పెంపుడు పక్షీ కాదు. శీతకాలం దక్షిణాదిలోనూ శ్రీలంకలోనూ గడిపి, వానాకాలంలో గూడు పెట్టడానికి మధ్య భారతానికీ హిమాలయాల పాదాల దాకానూ వెళ్ళే పక్షి. రాత్రిపూట ప్రయాణిస్తుంది. దారిలో అలసిపోయో, వెలుతురుకు తికమకపడి అద్దానికి కొట్టుకునో ఇళ్ళలో దిగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఇటువంటివి కనబడటం మామూలే.

ఒక అట్టపెట్టెకు చిన్న రంధ్రాలు చేసి, అడుగున పాత గుడ్డ పరచి, అందులో పెట్టి చీకటిగా, చల్లగా ఉండే గదిలో ఉంచండి. నోట్లో నీళ్ళు పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అన్నం, పాలు పెట్టవద్దు. పిల్లలకు చూపించడానికి మాటిమాటికీ మూత తీయవద్దు. రెక్క వేలాడకుండా ఉంటే సాయంత్రం పొద్దు గుంకే వేళ చెట్లున్న చోట పెట్టె తెరిచి, మీరు వెనక్కి తగ్గండి. రెక్క విరిగినట్టు అనిపిస్తే అటవీ శాఖ వారికి అప్పగించాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇంట్లో ఉంచుకోవడం నేరం.

గుణదల_మేడమీద
పెట్టెలో పెట్టాము. రెక్కలు రెండూ సమానంగానే ముడుచుకుంది. పిల్లిని కింది వాటాలో కట్టేశాము, దాని గోల ఇప్పుడు వీధంతా వినబడుతోంది.

లెక్కల_మాస్టారు
దయచేసి తేదీ, సమయం, చోటు రాసిపెట్టండి. దారిలో దిగిన పొన్నంగి పిట్ట వివరం ఒక్కటైనా వలస ఏ రోజుల్లో మన మీదుగా సాగుతోందో చెబుతుంది.

ఉప్పలపాడు_పొరుగు
వలస అన్న మాట వచ్చినప్పుడల్లా మా ఊరి చెరువు పేరు వస్తుంది, దానితోపాటు ‘సైబీరియా నుంచి వచ్చిన అతిథులు’ అని రాస్తారు. పెదకాకాని మండలంలోని మా చెరువుల్లో తుమ్మ చెట్ల మీద గూళ్ళు పెట్టే గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు, నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు సైబీరియా ముఖం చూసినవి కావు. ఇవి ఈ దేశపు పక్షులే. నీరు, చేపలు, గూటికి భద్రమైన చెట్టు ఉన్న చోటు వెతుక్కుంటూ తిరుగుతాయి. సైబీరియా పక్షి ఏదీ మన దగ్గర గూడు పెట్టదు, శీతకాలం తిని వెళ్ళిపోతుంది. గూడు పెట్టి పిల్లలను లేపుతోందంటే ఇదే దాని పుట్టిల్లు.

ఈ తేడా ఎందుకు చెబుతున్నానంటే, గూడబాతులు తగ్గితే ‘సైబీరియా నుంచి రాలేదు’ అని చేతులు దులుపుకునే వీలు ఉండదు. చెరువులో నీరు ఉందా, చెట్లు నిలబడి ఉన్నాయా, మేతకు పోయే చెరువుల్లో చేప దొరుకుతోందా అని ఇక్కడే అడగాలి. గూడబాతుల రెట్టలతో చెట్లు మాడిపోవడం కూడా నిజమే. గూళ్ళున్న చెట్టు కొన్నేళ్ళకు చస్తుంది, కొత్త చెట్టు ముందుగానే పెంచి ఉంచుకోవాలి.

మా చెరువు దగ్గర నిజంగా దూరదేశపు పక్షిని చూడాలంటే ఫిబ్రవరి, మార్చి సాయంత్రాల్లో గులాబీ గోరింకలను చూడండి. పగలంతా పొలాల్లోనూ బూరుగు, మోదుగ పూల మీదా గడిపి, పొద్దు గుంకే ముందు వేల సంఖ్యలో గుంపుగా ఎగురుతాయి. ఆ గుంపు ఒక్కసారి మెలితిరిగితే పొగ కదిలినట్టు ఉంటుంది, తల మీదుగా పోతే రెక్కల చప్పుడు వానజల్లులా వినబడుతుంది. అవి మధ్య ఆసియాలో గూళ్ళు పెట్టుకుంటాయి. మిడతలు ఎక్కువగా ఉండే మే, జూన్ నాటికి అక్కడ ఉండాలి కనుక ఏప్రిల్‌లో మనల్ని వదిలిపోతాయి. ఈ వారానికి బాగా పలచబడ్డాయి.

కైకలూరు_గూడబాతు
సైబీరియా విషయంలో ఆటపాక నుంచి కూడా సంపూర్ణ మద్దతు. ఇక్కడ ఇనుప స్టాండ్ల మీద గూడు పెట్టిన గూడబాతును చూపించి పర్యాటకులకు రష్యా కథ చెబుతున్నవారిని స్వయంగా విన్నాను.

మిర్చియార్డు
కోయిల మాటేమిటి? మా అపార్టుమెంటు దగ్గర తెల్లవారుజామున నాలుగింటికే మొదలుపెడుతోంది. అది కూడా వసంతానికి వచ్చిన చుట్టమేనా, లేక ఇక్కడి ఓటరేనా?

ఉప్పలపాడు_పొరుగు
పుట్టుకతో ఓటరే. ఏడాది పొడవునా ఇక్కడే ఉంటుంది. శీతకాలంలో నోరు మెదపదు కనుక మనకు తెలియదు. కాకులు గూళ్ళు కట్టే కాలం దగ్గరపడేకొద్దీ మగది గొంతు విప్పుతుంది. ఆడది కాకి గూట్లో గుడ్డు పెట్టడానికి మగది కాకులను రెచ్చగొట్టి దూరంగా లాక్కుపోతుంది. మీ అపార్టుమెంటులో కాకి గూడు ఉందేమో చూడండి.

లెక్కల_మాస్టారు
2023 నివేదికలో బాగా పెరిగిన పక్షుల్లో కోయిల ఒకటి. నెమలి కూడా. మనిషి దగ్గర బతకగలిగిన వాటికి ఒక దారి, బయలు నేలా బురదా కావలసిన వాటికి మరో దారి ఏర్పడుతోంది. సెల్ టవర్ల మాట మొదటి పోస్టులో వచ్చింది కనుక చెబుతున్నాను, టవర్లే కారణమైతే వాటి నడుమే తిరిగే కోయిల ఇలా పెరగకూడదు.

కొల్లిపర_కాలువగట్టు
సెల్ టవర్ల మాట బజారులో చెబుతాను గానీ నమ్మరు. సరే, ఇంతమంది ఇన్ని చోట్ల నుంచి చూస్తున్నాము. పెరిగిందో తగ్గిందో తేలాలంటే మాలాంటివారు ఏం చేయాలో సూటిగా చెప్పండి. యాప్‌లో ఇంగ్లీషు పేర్లు వెతికే ఓపిక నాకు లేదు.

లెక్కల_మాస్టారు
మీ కాలువగట్టే చాలు. ఒక స్తంభం నుంచి మరో స్తంభం దాకా హద్దు పెట్టుకుని, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ ఆఖరు దాకా వారానికి ఒకసారి, అదే వేళకు, పావుగంట నడవండి. చూసిన ప్రతి జాతినీ సంఖ్యతో రాయండి. ఏమీ కనబడని రోజు ‘సున్నా’ అని తప్పకుండా రాయండి. మనవాళ్ళు పక్షి కనబడినప్పుడు రాస్తారు, కనబడనప్పుడు కాగితం కూడా తీయరు. అందువల్ల చివరిసారి ఎప్పుడు చూశారో తెలుస్తుంది గానీ, అప్పటి నుంచి నిజంగా లేవో మీరు వెళ్ళలేదో తెలియదు.

మరో సంగతి ఏమిటంటే, చూసేవారి సంఖ్య పదేళ్ళలో విపరీతంగా పెరిగింది. పది జాబితాల్లో ఆరింట వానకోయిల ఉన్న ఏడాదినీ, నలభై జాబితాల్లో పన్నెండింట ఉన్న ఏడాదినీ పోల్చామనుకుందాం. ఆరు పన్నెండయింది కనుక రెట్టింపు అనేవారు ఉంటారు. నిజానికి పదింట ఆరు నుంచి పదింట మూడుకు తగ్గింది. పక్షుల జాబితాలు నమోదు చేసే ఈబర్డ్ యాప్‌లో పూర్తి జాబితా ఇవ్వమని, ఎంతసేపు చూశారో రాయమని పట్టుబట్టేది ఈ నిష్పత్తి కోసమే. యాప్ వద్దనుకుంటే కూలీల లెక్క రాసే పుస్తకంలోనే రాయండి, ఎక్కించే పని నేను చూస్తాను.

మినుముచేను
పక్షుల పక్కనే ఆ వారం చేలో ఏ పంట ఎంత ఎత్తు ఉంది, కాలువలో నీరు ఉందా, కట్టేశారా అని ఒక గడి పెట్టండి. అది లేకపోతే పదేళ్ళ తరువాత ఆ అంకెలు చూసినవారు మళ్ళీ ఎండల మీదికే నెడతారు.

కొల్లిపర_కాలువగట్టు
కాలువ కట్టేసిన రోజు నాకు ఎలాగూ గుర్తుంటుంది, మోటారుకు ఆయిల్ బిల్లు మొదలయ్యేది ఆ రోజు నుంచే. రాస్తాను.

గుణదల_మేడమీద
పొన్నంగి పిట్ట వివరం: కొండ వైపున్న తోటలో సాయంత్రం ఆరుంబావుకు పెట్టె తెరిచాము. కాసేపు అంచు మీద కూర్చుని పొదల్లోకి పోయింది. ఆరున్నరకు అటు నుంచి రెండు స్వరాల ఈల వినబడింది గానీ పక్షి కనబడలేదు. చూడకుండా విన్నది కూడా రాయవచ్చా?

లెక్కల_మాస్టారు
నిస్సందేహంగా రాయవచ్చు, ‘విన్నది’ అని పక్కన పెట్టండి. పొన్నంగి పిట్టలను కంటికన్నా చెవే ఎక్కువగా పట్టుకుంటుంది, పొద్దున్నా సాయంత్రమూ అది ఈల వేసే వేళ కూడా దాదాపు అదే.

కొండపల్లి_కెమెరా
నా చెరువుల జాబితా వచ్చే జనవరి నుంచి ఫోటోలతోపాటు అంకెలతో కూడా ఇస్తాను. అయితే అందరూ వెళ్ళిపోయే పక్షుల మీదే పడ్డారు. తొలకరితో వచ్చే చాతకాన్ని కూడా ఈ పద్ధతిలో చేర్చాలి. 2007లో మొదలైన మైగ్రంట్‌వాచ్ కార్యక్రమం దేశమంతటా మొదటిసారి చాతకం కనబడిన తేదీలను సేకరించింది. జూన్‌లో కొండపల్లి అడవి అంచున దాని అరుపు మొదట ఎప్పుడు వినబడిందో నేను చెబుతాను.

తాటిమొద్దు
చేర్చండి గానీ ఒక జాగ్రత్త అవసరం. ఉత్తరాదికి ఆఫ్రికా నుంచి సముద్రం దాటి వచ్చే చాతకాలు వేరు, దక్షిణాదిలో ఏడాదంతా ఉండే కాస్త చిన్న చాతకాలు వేరు. మన జిల్లాలు ఈ రెండింటి నడుమ పడతాయి. జూన్‌లో మీరు వినే మొదటి అరుపు ఆఫ్రికా నుంచి ఆ రోజే దిగినదా, లేక ఎండాకాలమంతా మీ కొండ మీదే మౌనంగా ఉన్నదా అన్నది అరుపును బట్టి చెప్పలేము. అందుకని మే నెల నుంచే వారానికోసారి వెళ్ళి, లేకపోతే సున్నా రాస్తూ రండి. మే నెల ఎండలో కొండపల్లి ఎక్కడం కష్టమంటే తెల్లవారుజామున ఎక్కండి, ఎలాగూ కోయిల నాలుగింటికే లేపుతోందట కదా.